విశ్వవిద్యాలయాల వెలుపల డాక్టరేటు పట్టభద్రుల ఉపాధి

పీహెచ్.డి. లేదా డాక్టరేటు అనేది విశ్వవిద్యాలయాలు ప్రదానం చేసే పట్టాలలో అత్యున్నతమైనది. ఈ పట్టా పొందినవారు బోధన, విశ్వవిద్యాలయ పరిశోధన కాకుండా ఇతర రంగాలలో చేపట్టే వృత్తుల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. డాక్టరేటు చేసినవారు అధ్యాపకులు కావడమే సహజమనీ, వేరే ఉద్యోగంలో చేరితే చదివిన చదువు వృథా అయినట్లేననీ ఒక అభిప్రాయం తెలుగునాట బలంగా ఉంది. పీహెచ్.డి. చరిత్రను, అందుబాటులో ఉన్న గణాంకాలను పరిశీలిస్తే ఈ అభిప్రాయం సరైనది కాదని తెలుస్తుంది. రసాయన కర్మాగారాలు, ప్రభుత్వ ప్రయోగశాలలు, బ్యాంకులు, ప్రచురణ సంస్థలు చాలాకాలంగా డాక్టరేటు పట్టభద్రులను నియమించుకుంటున్నాయి. పట్టా పొందేవారి సంఖ్యతో పోలిస్తే అధ్యాపక పదవులు తక్కువ కనుక వెలుపలి ఉపాధి ఒక మినహాయింపు కాదు, చాలామంది నడిచే దారి.

పట్టా స్వరూపం

డాక్టరేటులో ప్రధానమైనది పాఠ్యాంశాల అధ్యయనం కాదు. ఇంతవరకు ఎవరూ తేల్చని ఒక ప్రశ్నను ఎంచుకొని, దానికి ఆధారాలతో సమాధానం కనుగొని, సిద్ధాంత గ్రంథంగా సమర్పించి, మౌఖిక పరీక్షలో సమర్థించుకోవడం. భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో జారీ చేసిన నిబంధనల ప్రకారం పీహెచ్.డి. కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠ కాలం 6 సంవత్సరాలు. ప్రత్యేక సందర్భాలలో పొడిగింపు ఇస్తారు. ఉద్యోగం చేస్తూనే పార్ట్ టైం పద్ధతిలో పట్టా చేయడానికి కూడా ఈ నిబంధనలు వీలు కల్పించాయి.

జాతీయ అర్హతా పరీక్ష (నెట్) ద్వారా జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ పొందినవారికి మొదటి రెండేళ్లు జూనియర్ ఫెలోగా, తరువాత మూడేళ్లు సీనియర్ ఫెలోగా భృతి లభిస్తుంది. 2023 జనవరి 1 నుండి ఈ భృతి నెలకు వరుసగా 37,000 రూపాయలు, 42,000 రూపాయలు అయింది. ఫెలోషిప్ లేనివారు సొంత ఖర్చుతోనో, తాత్కాలిక బోధన ద్వారా వచ్చే ఆదాయంతోనో పరిశోధన సాగిస్తారు.

21వ ఏట డిగ్రీ, 23వ ఏట ఎమ్మెస్సీ లేదా ఎం.ఏ. పూర్తిచేసిన విద్యార్థి డాక్టరేటు ముగించేసరికి సాధారణంగా 28 నుండి 30 ఏళ్ల వయసుకు చేరుకుంటాడు. తోటివారు ఆరేడేళ్లుగా ఉద్యోగాలు చేస్తూ స్థిరపడే కాలమిది. కనుక పట్టా తరువాత ఏ దారి ఉన్నదనే ప్రశ్న విద్యార్థికే కాక అతని కుటుంబానికి కూడా ముఖ్యమైనది.

చరిత్ర

ఆధునిక పరిశోధన పట్టా 19వ శతాబ్దపు జర్మనీలో రూపుదిద్దుకుంది. 1810లో ప్రారంభమైన బెర్లిన్ విశ్వవిద్యాలయం బోధనను, పరిశోధనను ఒకే చోట చేర్చింది. గీసెన్ విశ్వవిద్యాలయంలో యుస్టుస్ ఫాన్ లీబిగ్ నడిపిన ప్రయోగశాల రసాయన శాస్త్ర శిక్షణకు నమూనాగా నిలిచింది. అమెరికాలో మొదటి పీహెచ్.డి. పట్టాలను యేల్ విశ్వవిద్యాలయం 1861లో ఇచ్చింది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ 1917లో ఈ పట్టాను ప్రవేశపెట్టింది.

జర్మనీలో ఈ పట్టభద్రులు తొలినాళ్ల నుండే పరిశ్రమలలోకి వెళ్లారు. అద్దకపు రంగుల కర్మాగారాలు వీరిని నియమించుకొని సొంత ప్రయోగశాలలు ఏర్పాటు చేసుకున్నాయి. 1890లలో డాక్టరేటు పొంది బేయర్ కంపెనీలో చేరిన ఫెలిక్స్ హాఫ్‌మన్ 1897లో ఆస్పిరిన్‌ను స్వచ్ఛమైన రూపంలో తయారుచేశాడు. అదే సంవత్సరం బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును మార్కెట్టులోకి తెచ్చింది. దీని ఫలితంగా భారతదేశంలో నీలిమందు సాగు కొద్దికాలంలోనే దెబ్బతింది. కడప, నెల్లూరు ప్రాంతాలలో కూడా ఒకప్పుడు ఈ పంట పండేది. విశ్వవిద్యాలయం వెలుపల జరిగిన పరిశోధన ప్రభావం తెలుగు రైతులకు ఈ విధంగా తెలిసివచ్చింది.

అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1900లో ఏర్పరచిన పరిశోధనశాలకు లైప్‌జిగ్‌లో డాక్టరేటు చేసిన విల్లిస్ విట్నీ నాయకత్వం వహించాడు. 1909లో అధ్యాపక ఉద్యోగం వదిలి ఆ ప్రయోగశాలలో చేరిన ఇర్వింగ్ లాంగ్మ్యూర్‌కు 1932లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పరిశ్రమలో చేరినంత మాత్రాన మౌలిక పరిశోధన ఆగిపోదని చెప్పడానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

భారతదేశంలో పరిస్థితి వేరుగా ఉండేది. ఇక్కడ పరిశోధనను పోషించినది ప్రధానంగా ప్రభుత్వం. 1942లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్), 1958లో రక్షణ పరిశోధన అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీవో), 1969లో అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) ఏర్పడ్డాయి. చాలాకాలం పాటు మన దేశంలో విశ్వవిద్యాలయం వెలుపల పరిశోధన ఉద్యోగమంటే ప్రభుత్వ ప్రయోగశాల ఉద్యోగమే.

అధ్యాపక పదవులు, పట్టభద్రుల సంఖ్య

యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ఆచార్యుడు ఏకకాలంలో 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మంది పరిశోధక విద్యార్థులకు పర్యవేక్షకులుగా ఉండవచ్చు. తన ఉద్యోగ జీవితంలో ఒక ఆచార్యుడు పది మందికి డాక్టరేటు ఇప్పించాడనుకుందాం. అతడు పదవీ విరమణ చేసినప్పుడు ఖాళీ అయ్యే పదవి ఒకటే. విశ్వవిద్యాలయాల సంఖ్య పెరగకపోతే ఆ పది మందిలో తొమ్మిది మందికి వేరే చోట ఉపాధి వెతుక్కోక తప్పదు. విద్యార్థి ప్రతిభతోగాని, కృషితోగాని దీనికి సంబంధం లేదు.

అఖిల భారత ఉన్నత విద్యా సర్వేక్షణ ప్రకారం 2014–15లో దేశంలో పీహెచ్.డి.లో నమోదైనవారు 1.17 లక్షల మంది. 2021–22 నాటికి ఈ సంఖ్య 2.12 లక్షలకు పెరిగింది. అధ్యాపక నియామకాలు ఈ వేగంతో జరగలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అనేక పదవులు ఏళ్ల తరబడి భర్తీ కాకపోవడం, బోధన ఒప్పంద అధ్యాపకుల మీద, అతిథి అధ్యాపకుల మీద ఆధారపడటం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కనిపిస్తుంది. విశ్వవిద్యాలయాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి పీహెచ్.డి. తప్పనిసరి అని 2018లో యూజీసీ పెట్టిన నియమం అమలు వాయిదా పడింది. చివరకు 2023 జులై నుండి నెట్, సెట్ లేదా స్లెట్ కనీస అర్హతగా ఉంటే చాలునని, పీహెచ్.డి. ఐచ్ఛికమని ప్రకటించారు.

ఇతర దేశాల పరిస్థితి కూడా ఇటువంటిదే. బ్రిటన్‌కు చెందిన రాయల్ సొసైటీ 2010లో ప్రచురించిన నివేదిక ప్రకారం ఆ దేశంలో విజ్ఞాన శాస్త్రాలలో డాక్టరేటు పొందినవారిలో 53 శాతం మంది పట్టా తరువాత విజ్ఞాన రంగం వెలుపలి వృత్తులలోకి వెళుతున్నారు. విశ్వవిద్యాలయంలో శాశ్వత పరిశోధక ఉద్యోగం పొందేవారు 3.5 శాతం కాగా, ఆచార్య పదవికి చేరేవారు 0.45 శాతం మాత్రమే. అమెరికాలో 2017 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం విజ్ఞాన, ఇంజనీరింగు, ఆరోగ్య శాస్త్రాల డాక్టరేటు పట్టభద్రులలో సుమారు 43 శాతం మంది విద్యాసంస్థలలో, 42 శాతం మంది ప్రైవేటు రంగంలో పనిచేస్తున్నారు. జర్మనీలో రసాయన శాస్త్రం చదివినవారిలో అత్యధికులు డాక్టరేటు చేస్తారు. పరిశ్రమలో శాస్త్రవేత్తగా చేరడానికి అక్కడ అది వాడుకలో ఉన్న అర్హత.

ప్రధాన ఉపాధి రంగాలు

ఔషధ, రసాయన, జీవసాంకేతిక పరిశ్రమలు

తెలుగు ప్రాంతంలో విజ్ఞాన శాస్త్ర డాక్టరేటు పట్టభద్రులకు ఎక్కువ అవకాశాలు ఉన్న రంగం ఇదే. హైదరాబాదులోని బాలానగర్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ నెలకొల్పిన మందుల కర్మాగారం ఈ పరిశ్రమకు ఒక శిక్షణాలయంగా ఉపయోగపడింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందులకు తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చేది. కనుక తెలిసిన మందును కొత్త పద్ధతిలో చౌకగా తయారుచేయగల రసాయన శాస్త్రవేత్తలకు గిరాకీ ఏర్పడింది. 2005లో చట్ట సవరణ ద్వారా పదార్థం మీద కూడా పేటెంట్లు వచ్చాయి. అప్పటి నుండి కొత్త మందుల అన్వేషణ, విదేశీ కంపెనీల కోసం చేసే ఒప్పంద పరిశోధన ప్రాధాన్యం సంతరించుకున్నాయి. హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో, విశాఖపట్నం పరిసరాలలో ఇటువంటి సంస్థలు అనేకం ఉన్నాయి.

ఈ సంస్థలలో డాక్టరేటు పట్టభద్రులు సంశ్లేషణ, విశ్లేషణ, జీవశాస్త్ర పరీక్షలు, నాణ్యత, నియంత్రణ సంస్థలకు పత్రాల సమర్పణ, క్లినికల్ పరీక్షల నిర్వహణ, వైద్య రచన వంటి విభాగాలలో పనిచేస్తారు.

ప్రభుత్వ ప్రయోగశాలలు

హైదరాబాదులో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ), జాతీయ పోషకాహార సంస్థ, రక్షణ ప్రయోగశాలలు ఉన్నాయి. పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ (ఇక్రిశాట్) 1972 నుండి పనిచేస్తోంది. సీఎస్ఐఆర్ ప్రయోగశాలలలో శాస్త్రవేత్త పదవికి సాధారణంగా 32 ఏళ్ల వయోపరిమితి ఉంటుంది. రిజర్వేషన్ వర్గాలకు నిబంధనల మేరకు సడలింపు ఉంటుంది. 29వ ఏట పట్టా పొంది మూడేళ్లు పోస్ట్ డాక్టరల్ పరిశోధనలో గడిపిన వ్యక్తి ఈ పరిమితికి చేరుకుంటాడు కనుక వయసు లెక్క ముందుగానే చూసుకోవలసి ఉంటుంది.

అన్ని ప్రభుత్వ పరిశోధన ఉద్యోగాలకు డాక్టరేటు అవసరం లేదు. డీఆర్‌డీవోలో ప్రవేశ స్థాయి శాస్త్రవేత్తలను ప్రధానంగా ఇంజనీరింగు డిగ్రీతో, గేట్ పరీక్ష ఆధారంగా తీసుకుంటారు. వీరిలో అనేకులు ఉద్యోగంలో ఉంటూనే తరువాత డాక్టరేటు చేస్తారు.

సమాచార సాంకేతికం, గణాంక విశ్లేషణ, ఆర్థిక మార్కెట్లు

గణితం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రాలలో డాక్టరేటు చేసినవారిని సాఫ్ట్‌వేర్ సంస్థలు, బ్యాంకులు, బీమా కంపెనీలు నియమించుకుంటాయి. అమెరికాలో 1993లో సూపర్ కండక్టింగ్ సూపర్ కొలైడర్ నిర్మాణం రద్దయిన తరువాత కొందరు భౌతిక శాస్త్రవేత్తలు న్యూయార్క్ ఆర్థిక సంస్థలలో చేరారు. ఇటీవలి కాలంలో కృత్రిమ మేధ వలన ఈ రంగంలో పరిశోధన శిక్షణకు విలువ పెరిగింది. ప్రోగ్రాములు రాయగలగడం, కొలతలలోని అనిశ్చితిని అంచనా వేయగలగడం ఇక్కడ ముఖ్యమైన నైపుణ్యాలు.

మేధోసంపత్తి, ప్రచురణ

పేటెంట్ల చట్టంలోని 126వ సెక్షను ప్రకారం విజ్ఞానశాస్త్రం, ఇంజనీరింగు లేదా సాంకేతిక శాస్త్రంలో డిగ్రీ కలిగి, 21 ఏళ్లు నిండిన భారత పౌరులు అర్హత పరీక్ష ఉత్తీర్ణులై పేటెంటు ఏజెంటుగా నమోదు కావచ్చు. దీనికి డాక్టరేటు అవసరం లేకపోయినా, ఒక కొత్త అణువు లేదా జన్యువు గురించి పేటెంటు దరఖాస్తు రాసేటప్పుడు ఆ విషయంలో పరిశోధన చేసినవారికి మొగ్గు ఉంటుంది. కుటుంబ కారణాల వల్ల పరిశోధనకు విరామం ఇచ్చిన మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ చేపట్టిన మహిళా శాస్త్రవేత్తల పథకంలో ఒక భాగం మేధోసంపత్తి శిక్షణకు కేటాయించబడింది. దీని ద్వారా శిక్షణ పొందిన పలువురు పేటెంటు ఏజెంట్లయ్యారు. శాస్త్ర పత్రికల సంపాదకత్వం, విజ్ఞాన రచన కూడా ఈ కోవకు చెందిన వృత్తులే.

ఆర్థిక విధానం, పరిపాలన

భారతీయ రిజర్వు బ్యాంకు ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం చదివినవారిని పరిశోధన విభాగాలలో నియమిస్తుంది. అధికారుల నియామకంలో పీహెచ్.డి. ఉన్నవారికి వయోపరిమితి 34 ఏళ్ల వరకు సడలింపబడుతుంది. అభివృద్ధి సంస్థలు, సర్వే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు సామాజిక శాస్త్రాల పట్టభద్రులకు అవకాశాలు కల్పిస్తాయి.

భాష, చరిత్ర, సాహిత్యం

తెలుగు, చరిత్ర, భాషాశాస్త్రాలలో డాక్టరేటు చేసినవారికి వెలుపలి అవకాశాలు సంఖ్యలో తక్కువ. నిఘంటు నిర్మాణం, పాఠ్యపుస్తక రచన, అనువాదం, పురాలేఖ సంరక్షణ, పురావస్తు ప్రదర్శనశాలలు, పత్రికలు, ఆకాశవాణి సంప్రదాయికంగా ఉన్న రంగాలు. మైసూరులో 1969లో స్థాపించబడిన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ తెలుగుతో సహా అనేక భాషల సామగ్రిని సేకరిస్తోంది. యంత్రానువాదం, మాటను అక్షరాలుగా మార్చే పరికరాలు అభివృద్ధి చెందడంతో సంధులు, సమాసాలు, మాండలికాలు తెలిసినవారు భాషా సాంకేతిక సంస్థలకు అవసరమవుతున్నారు. కంప్యూటరు పరిజ్ఞానం కొంత అలవరచుకున్న భాషాశాస్త్ర పట్టభద్రులకు ఇది కొత్తగా ఏర్పడిన దారి.

సొంత సంస్థలు

పరిశోధన ఫలితాన్ని ఉత్పత్తిగా మార్చదలచినవారికి ప్రభుత్వ సహాయ పథకాలు ఉన్నాయి. 2012లో ఏర్పడిన జీవసాంకేతిక పరిశ్రమ పరిశోధన సహాయ మండలి (బైరాక్) ఒక ఆలోచనను నిరూపించి చూపడానికి 18 నెలల కాలానికి 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇచ్చే పథకాన్ని నిర్వహిస్తోంది.

తెలుగువారిలో కొందరు

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) భీమవరంలో జన్మించాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని, ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. 1930లో డాక్టరేటు పొందాడు. అక్కడ శాశ్వత పదవి లభించక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్, మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ వెలువడ్డాయి. భారతదేశంలో బోదకాలు నిర్మూలన కార్యక్రమంలో నేటికీ ప్రజలకు పంచే మందు ఈ డైఇథైల్ కార్బమజైనే. విశ్వవిద్యాలయం శాశ్వతంగా ఉంచుకోని ఒక శాస్త్రవేత్త కృషి ఫలితం ఆయన పుట్టిన గోదావరి ప్రాంతానికి ఈ రూపంలో తిరిగి చేరింది.

ఎ.వి. రామారావు పూణే లోని జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు చేసి, ఐఐసీటీ సంచాలకునిగా పనిచేసి, 1995లో పదవీ విరమణ చేసిన తరువాత అవ్రా లేబొరేటరీస్‌ను స్థాపించాడు. కె. అంజిరెడ్డి (1939–2013) అదే పూణే ప్రయోగశాలలో డాక్టరేటు పూర్తిచేసి ఐడీపీఎల్‌లో చేరాడు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించాడు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన కృష్ణ ఎల్లా 1996లో హైదరాబాదులో భారత్ బయోటెక్‌ను నెలకొల్పాడు. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి ఈ సంస్థ రూపొందించిన కోవాగ్జిన్ టీకాకు 2021 జనవరిలో అత్యవసర వినియోగ అనుమతి లభించింది.

పరిపాలనా రంగంలో యాగా వేణుగోపాలరెడ్డి (ఉస్మానియా విశ్వవిద్యాలయ డాక్టరేటు), దువ్వూరి సుబ్బారావు (ఆంధ్ర విశ్వవిద్యాలయ డాక్టరేటు) వరుసగా 2003–2008, 2008–2013 కాలాలలో రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా పనిచేశారు. ఇద్దరూ ఐ.ఏ.ఎస్. అధికారులే.

ప్రసిద్ధుల జీవితాలను సాధారణ నియమంగా భావించరాదు. పరిశ్రమలో చేరిన డాక్టరేటు పట్టభద్రులలో అత్యధికులు ఒక ప్రయోగశాలలోనో విభాగంలోనో బాధ్యత కలిగిన ఉద్యోగులుగా జీవితం గడుపుతారు.

పని తీరులో తేడాలు

విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో కొన్ని మిల్లీగ్రాముల కొత్త పదార్థం తయారైతే సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయానికి సరిపోతుంది. కర్మాగారంలో అదే పదార్థాన్ని వందల కిలోల చొప్పున, ప్రతిసారీ ఒకే స్వచ్ఛతతో తయారుచేయాలి. ప్రయోగశాలలో శుద్ధి చేయడానికి కాలమ్ క్రొమటోగ్రఫీ వాడతారు. పెద్ద ఎత్తున ఇది ఖర్చుతో, సమయంతో కూడిన పని కనుక కర్మాగారంలో వీలైనంత వరకు స్ఫటికీకరణ మీద ఆధారపడతారు. చిన్న గాజు పాత్రలో తేలికగా చల్లారే వేడి వేల లీటర్ల రియాక్టరులో అంత తొందరగా చల్లారదు కనుక ప్రమాదానికి దారితీయవచ్చు. సులభంగా మంటలంటుకునే ఈథర్ వంటి ద్రావకాలను కూడా సాధ్యమైనంత వరకు వాడరు. కొత్తగా చేరిన పట్టభద్రుడు మొదటి సంవత్సరంలో ఎక్కువగా నేర్చుకునేది ఇటువంటి విషయాలనే.

మరికొన్ని తేడాలు కింది విధంగా ఉంటాయి.

- పరిశోధనాంశాన్ని సంస్థ నిర్ణయిస్తుంది. ఫలితాలు బాగున్నా మార్కెట్టు కారణాల వల్ల పని మధ్యలో ఆపివేయవచ్చు.
- ఫలితాలు సంస్థకు చెందుతాయి. పేటెంటు దరఖాస్తు పూర్తయ్యే వరకు వాటిని ప్రచురించడానికి వీలుండదు, కొన్నిటిని ఎన్నటికీ ప్రచురించరు.
- పని బృందంలో జరుగుతుంది. సిద్ధాంత గ్రంథం వలె ఒకరి పేరు మీద ఉండదు.
- ప్రతి ప్రయోగాన్నీ తేదీతో, సంతకంతో నమోదు చేయాలి. నియంత్రణ సంస్థల తనిఖీలో ఈ పుస్తకాలే సాక్ష్యం.
- గడువు ముఖ్యం. సంపూర్ణమైన సమాధానం కంటె సమయానికి అందే సరైన సమాధానానికి విలువ ఎక్కువ.

ఎదురయ్యే ఇబ్బందులు

మన దేశంలో పరిశోధన మీద జరిగే మొత్తం వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతంగా 2020–21 లెక్కలలో నమోదైంది. ఇందులో అధిక భాగం ప్రభుత్వానిదే. ప్రైవేటు సంస్థలు పరిశోధన మీద తక్కువ ఖర్చు పెడుతున్నందువల్ల డాక్టరేటు తప్పనిసరి అయిన పదవులు కూడా తక్కువగానే ఉన్నాయి. ఎమ్మెస్సీ చదివినవారితో సరిపోయే పనికి డాక్టరేటు పట్టభద్రుని తీసుకోవడానికి కొన్ని సంస్థలు వెనుకాడతాయి. ఇంత చదివినవాడు ఎక్కువకాలం ఉండడని, ఎక్కువ జీతం అడుగుతాడని వాటి సందేహం. మరోవైపు ఎమ్మెస్సీతో చేరి ఆరేళ్లు అనుభవం గడించిన వ్యక్తి అదే సంస్థలో అప్పటికే పై స్థాయిలో ఉండవచ్చు.

రెండవ ఇబ్బంది సమాచార లోపం. పర్యవేక్షకులలో ఎక్కువమంది విశ్వవిద్యాలయాన్ని విడిచి పనిచేసినవారు కాదు కనుక వెలుపలి ఉద్యోగాల గురించి వారికి తెలిసింది తక్కువ. జిల్లా కేంద్రాలలోని విశ్వవిద్యాలయాలలో, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులకు ఇంటర్వ్యూలలో ఆంగ్లంలో తమ పనిని వివరించడం అదనపు కష్టం.

మూడవది విద్యార్థి మనస్థితి. వెలుపలికి వెళ్లడం ఓటమి అనే భావనతో కొందరు ఏటా తాత్కాలిక బోధనలోనో, ఒకదాని తరువాత ఒకటిగా పోస్ట్ డాక్టరల్ ఉద్యోగాలలోనో కాలం గడుపుతారు. ఈ ఆలస్యం వలన ప్రభుత్వ ఉద్యోగాల వయోపరిమితి దాటిపోతుంది. పరిశ్రమలో చేరే అవకాశాలు కూడా తగ్గుతాయి. మహిళా పరిశోధకులకు వివాహం, ప్రసూతి, భర్త ఉద్యోగ బదిలీ సరిగ్గా ఈ కాలంలోనే ఎదురవుతాయి.

ముందుగా సిద్ధపడటం

వెలుపలి ఉపాధికి కావలసిన సన్నద్ధత పట్టా చేతికి వచ్చిన తరువాత కాక పరిశోధన సాగుతున్నప్పుడే జరగాలి. సాధారణంగా ఉపయోగపడే అంశాలు ఇవి.

1. పరిశోధనాంశాన్ని ఎంచుకునేటప్పుడు అందులో నేర్చుకునే పద్ధతులను కూడా చూడాలి. సిద్ధాంత గ్రంథం శీర్షిక పట్ల పరిశ్రమకు ఆసక్తి ఉండకపోవచ్చు. అందులో వాడిన పరికరాల మీద, గణన పద్ధతుల మీద పట్టు ఉన్నదా అనేది మాత్రం తప్పక చూస్తారు.
2. తన పనిని ఆ విషయం తెలియనివారికి ఐదు నిమిషాలలో తెలుగులోనూ, ఆంగ్లంలోనూ చెప్పడం అభ్యసించాలి.
3. పరిశోధన మధ్యలో కొన్ని వారాలైనా ఒక సంస్థలో పనిచేసి చూడటం మంచిది. ఫ్రాన్సులో 1981 నుండి అమలులో ఉన్న సీఫ్ర్ పథకంలో విద్యార్థి ఒక కంపెనీ ఉద్యోగిగా ఉంటూనే డాక్టరేటు చేస్తాడు.
4. ఉద్యోగ దరఖాస్తులో ప్రచురణల జాబితా కంటె చేసిన పనులకు, పరిష్కరించిన సమస్యలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఒకటి రెండు పుటలకు మించకుండా ఉండటం మేలు.
5. అదే విభాగంలో చదివి వెలుపలికి వెళ్లిన పూర్వ విద్యార్థులతో పరిచయం ఉంచుకోవాలి. అనేక ఖాళీల సమాచారం వీరి ద్వారానే తెలుస్తుంది.
6. వయోపరిమితి ఉన్న పదవుల జాబితాను పరిశోధన మూడవ సంవత్సరంలోనే తయారుచేసుకోవాలి.

డాక్టరేటు వలన లభించే శిక్షణలో ఎక్కడికైనా తీసుకువెళ్లదగినవి కొన్ని ఉన్నాయి. అస్పష్టమైన సమస్యను చిన్న ప్రశ్నలుగా విడదీయడం, ఇతరుల వాదనలోని లోపాన్ని గుర్తించడం, విఫలమైన ప్రయోగం తరువాత మళ్లీ మొదలుపెట్టడం, దీర్ఘకాలం ఒకే పని మీద నిలబడటం వంటివి విషయంతో నిమిత్తం లేకుండా ఉపయోగపడతాయి.

అమెరికాలో తెలుగు పట్టభద్రులు

అమెరికాలో డాక్టరేటు చేస్తున్న తెలుగువారికి వీసా నిబంధనలు కూడా వృత్తి నిర్ణయాన్ని ప్రభావితం చేస్తాయి. పట్టా తరువాత విద్యార్థి వీసా మీదనే 12 నెలలు, విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత శాస్త్రాలవారికి మరో 24 నెలలు పనిచేసే వీలు 2016 నాటి నిబంధనలు కల్పించాయి. ఆ తరువాత అవసరమయ్యే హెచ్-1బి వీసాలకు ఏటా 65,000, అమెరికాలో ఉన్నత పట్టా పొందినవారికి అదనంగా 20,000 అనే పరిమితి ఉంది. విశ్వవిద్యాలయాలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు ఈ పరిమితి వర్తించదు, కంపెనీలకు వర్తిస్తుంది. ఈ కారణంగా పరిశ్రమలో చేరదలచినవారిలో కొందరు లాటరీలో వీసా రాక పోస్ట్ డాక్టరల్ ఉద్యోగంలో కొనసాగవలసి వస్తుంది.

ఇవి కూడా చూడండి

- పీహెచ్.డి.
- యల్లాప్రగడ సుబ్బారావు
- శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి
- భారతీయ రసాయన సాంకేతిక సంస్థ
- విశ్వవిద్యాలయ నిధుల సంఘం
- జీనోమ్ వ్యాలీ